నాలుగు రివెట్ల కన్నాలు

“నీ కూతుర్ని అడుగు, పనిముట్ల గది తాళం ఎక్కడ పెట్టిందో.”

“నాన్నకి చెప్పమ్మా, ఆయన చొక్కా జేబులోనే ఉందని.”

మేస్త్రి జేబు తడుముకున్నాడు. తాళం అక్కడే ఉంది.

“దొరికిందని చెప్పు.”

“వినపడిందని చెప్పు.”

అడుగుతున్న తండ్రికీ జవాబిస్తున్న కూతురికీ మధ్య దూరం మూరెడు. ఆ మూరెడు బల్ల మీద రెండు టీ గ్లాసులు, ఒక రొట్టె పళ్లెం. అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోయడానికి మధ్యలో టైలరమ్మ. మొన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

“నేనేమన్నా మీ ఇద్దరి మధ్య టెలిఫోను తీగనా?” అంటూ టైలరమ్మ గిన్నె మీద మూత ఠంగుమని పెట్టింది. “నోళ్లు పడిపోయాయా ఇద్దరికీ? అదే ముక్కు, అదే మొండితనం. కనీసం ఒకరినొకరు తిట్టుకోండి, చూసి సంతోషిస్తాను.”

ఇద్దరూ ఆ సంతోషం కూడా దక్కనివ్వలేదు. మేస్త్రి సగం తిన్న రొట్టె పళ్లెంలో పెట్టేసి, తలకి టోపీ తగిలించుకుని మెట్లు దిగిపోయాడు. రోడ్డుకి అవతల పక్కనే పని. అరవై రెండేళ్ల మనిషి, రెండు రోజులుగా సరిగ్గా తిండి లేకుండా, ఎండలో ఇనుము మీద.

టైలరమ్మ గడియారం చూసింది. తొమ్మిది కావస్తోంది. పదకొండింటికి మీటింగు. కూతురు పదహారు కుటుంబాల ముందు నిలబడి, ఆదివారం ఇస్తామన్న ఇళ్లు ఆదివారం ఇవ్వలేమని చెప్పాలి. ఎందుకివ్వలేమో చెప్పాలి. ఎవరి వల్ల ఇవ్వలేకపోతున్నామో కూడా చెప్పాల్సి వస్తే, నలభై ఏళ్లు రేవు యార్డులో వెల్డరుగా తలెత్తుకు తిరిగిన మేస్త్రి ఈ పూట అందరి ముందూ తల దించుకోవాలి. టైలరమ్మకి మెతుకు లోపలికి దిగనిది అందుకే.

జరిగింది చెప్పుకుంటే ఎంత! మూడు ముక్కలు.

ఓడల మీద సరుకు మోసి మోసి ముసలివైపోయిన ఇనుప పెట్టెలు ముప్పై రెండు. వాటిని కోసి, అతికి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, కింద దుకాణాలు, పైన ఇళ్లు కట్టాలన్నది కూతురి ఆలోచన. మొదట్లో నలుగురూ నవ్వారు. ‘పెట్టెల పిల్ల’ అని పేరు కూడా పెట్టారు. నవ్వినవాళ్లలో సగం మంది ఇప్పుడు అందులో ఇళ్లు రాయించుకుని ఆదివారం కోసం ఎదురుచూస్తున్నారు, అది వేరే సంగతి.

ఆ పెట్టెల నేల చెక్కతో చేసింది. ప్రయాణంలో పురుగు పట్టకుండా కొన్ని పెట్టెల చెక్కకి విషపు మందు పట్టిస్తారు. ఏళ్లు గడిచినా ఆ మందు చెక్కని వదిలిపోదు. ఏ పెట్టెకి పట్టించారో తలుపు మీద రివెట్లతో బిగించిన చిన్న ప్లేటు మీద రాసి ఉంటుంది. ఆ ప్లేట్లు చూసి, మందు పట్టించిన నేలలు తీసేసి, మంచివి అలాగే వాడుకోవాలని కూతురి లెక్క. పనికొచ్చే చెక్క పారేస్తే ఆ పిల్లకి ప్రాణం ఉసూరుమంటుంది.

అనుమతుల పని మీద రెండు వారాలు ఊరెళ్లింది. మొన్న తిరిగొచ్చి, నోట్‌బుక్కు పట్టుకుని మొదటి తలుపు దగ్గరికి వెళ్తే ప్లేటు లేదు. నాలుగు రివెట్ల కన్నాలున్నాయి. రెండో తలుపుకీ నాలుగు కన్నాలే. ముప్పై రెండు తలుపులూ తిరిగింది. ముప్పై రెంటికీ అంతే.

మేస్త్రి పీకేశాడు. పీకి, సుత్తితో నలగ్గొట్టి, తుక్కులో వేశాడు. తుక్కు లారీ వెళ్లి పది రోజులైంది. పైగా కూతురు వచ్చేసరికి పని ముందుకు జరిగి ఉండాలని, పాత నేలలన్నింటి మీదా కొత్త పలకలు కూడా పరిచేశాడు.

“ఎందుకు తీశావు నాన్నా?”

“ఎందుకేంటి? రిటైరైన పెట్టెకి ప్లేటుంటుందా ఎక్కడైనా?”

“డ్రాయింగు మూల రాశాను కదా, ప్లేట్లు చూసి నేలలు తియ్యాలని!”

“మూల రాసినవి నేను చదవను. నేను గీతలు చూస్తాను.”

“గీతల్లో విషం కనపడదు నాన్నా!”

తండ్రీ కూతుళ్లు నేరుగా మాట్లాడుకున్న ఆఖరి మాట అదే.

* * *

కూతురు బల్ల మీద డ్రాయింగులు చుట్ట చుడుతోంది. చుట్టిన కాగితమే విప్పి మళ్లీ చుడుతోంది.

“ఏం చెప్తావే అక్కడ?” అంది టైలరమ్మ.

“జరిగింది చెప్తాను. ఏ నేలకి మందుందో తెలీదు కాబట్టి అన్నీ తీసేస్తాం. నెలన్నర పడుతుంది.”

“పరీక్ష చేయిస్తే తెలీదూ?”

“ఒక్కో పెట్టె నుంచీ ముక్క పంపాలి. రిపోర్టులు రావడానికే నెలన్నర. అవి వచ్చాక ఎలాగూ కొన్ని తియ్యాలి. అదేదో అన్నీ ఇప్పుడే తీసేస్తే ఆ నెలన్నరలో కొత్త నేలలు వేసెయ్యచ్చు.”

టైలరమ్మ కాసేపు గ్లాసులు కడిగింది. కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది. తల్లీ కూతుళ్లకి ఆ పోలిక ఉంది.

“పైన పలకలు పరిచారు కదా... ఆ మందు పైకి రాదేమో?”

కూతురు తల ఎత్తి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“అమ్మా, పిల్లలు నేల మీద పాకుతారు.”

టైలరమ్మ నాలిక కరుచుకుంది. ఛీ, ఏం నోరిది! అందులో ఇల్లు రాయించుకున్న నర్సమ్మ మనవడికి ఇంకా తొమ్మిదో నెల. మోకాళ్ల మీద ఆ పిల్లాడు పోయే వేగం తను కళ్లారా చూసింది.

“సరే. తియ్యండి. అన్నీ తియ్యండి. కానీ ఎవరు పీకారని అడిగితే?”

“అడిగితే చెప్పాలి కదమ్మా.”

“చెప్పద్దు.”

“అమ్మా!”

“నువ్వే తియ్యమన్నావని చెప్పు. ఒక్క మాట. దాంతో పోతుంది.”

కూతురు చేతిలో కాగితం ఆగిపోయింది. “అబద్ధం చెప్పమంటున్నావా?”

“అవునే, చెప్పమంటున్నాను. నీకు ముప్పై ఒకటి. నువ్వు తప్పు చేస్తే, చిన్నపిల్ల, నేర్చుకుంటుందిలే అంటారు. ఆయన చేస్తే ముసలాడైపోయాడు, ఇక పనికిరాడు అంటారు. నిన్నన్న మాట నాలుగు రోజులుంటుంది. ఆయన్నన్న మాట ఆయన ఉన్నన్నాళ్లూ ఉంటుంది.”

“అది కాదమ్మా...”

“ఏది కాదు? నిన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని యార్డంతా తిప్పి, ఇదిగో ఇది మూల స్తంభం, ఇదిగో ఇది కమ్మీ అని చూపించిన మనిషి ఆయన. నీ చదువులో నీకు పేర్లు చెప్పారు. పెట్టె అంటే ఏమిటో చెప్పింది ఆయన. ఒక్క మాట నెత్తిన వేసుకోలేవా?”

 కూతురు డ్రాయింగుల చుట్ట చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది. ఆ ఆగడంలో ఏముందో తల్లికి అర్థం కాలేదు.

* * *

పదింటికి టైలరమ్మ ఒక డబ్బాలో రొట్టెలు సర్దుకుని రోడ్డు దాటింది. ఆయనకి నాలుగు ముక్కలు తినిపించి, మీటింగుకి రాకుండా చూడాలని ఆమె ఎత్తు.

ఎన్నిసార్లు చూసినా ఆ భవనం ముందు ఆమె కాళ్లు ఒకసారి ఆగుతాయి. నాలుగు అంతస్తులు. అంతస్తుకి ఎనిమిది పెట్టెలు. కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు, మందుల దుకాణం, బట్టలుతికే కొట్టు, కూరల కొట్టు, మొదట్లోనే రెండు పెట్టెలు కలిపి తన కుట్టు దుకాణం. పై పెట్టె కింది పెట్టె మీద సరిగ్గా కూర్చోదు. కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. ఆ జరిగిన జాగా పై ఇంటివాళ్లకి వరండా. అన్నింటి పైనా రెండడుగుల ఎత్తున రేకుల కప్పు ఇంకొకటి. ఎండ దాని మీద పడి, గాలి సందులోంచి వెళ్లిపోతుంది. కింద ఇనుము వేడెక్కదు. మొదటి వేసవిలో టైలరమ్మ నమ్మక, మధ్యాహ్నం రెండింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. మట్టి కుండని ముట్టుకున్నట్టుంది. ఆ రోజంతా దారిన పోయేవాళ్లందరినీ పిలిచి గోడ ముట్టుకోమంది.

ఇక తన దుకాణం సంగతి చెప్పక్కర్లేదు. పెట్టె వెడల్పు ఎనిమిది అడుగులే. కూతురు వారం రోజులు పాత దుకాణంలో ఒక మూల కూర్చుని, తల్లి గుడ్డ పరిచి కత్తిరించేటప్పుడు మోచెయ్యి ఎంత దూరం పోతుందో చూసి రాసుకుంది. పాతికేళ్లుగా తను ఆ మోచెయ్యి గోడకి కొట్టుకుంటూనే ఉందని టైలరమ్మకే తెలీదు. ‘మధ్య గోడ తీసేద్దాం అమ్మా, నీకు పదహారు అడుగులు కావాలి’ అంది ఆ పిల్ల. టైలరమ్మ ఆ మాటకి ఆ రోజు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే కంట్లో దారప్పోగు పడిందంది.

మేస్త్రి మూడో అంతస్తులో దొరికాడు. ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని, తను పరిచిన పలకలు తనే గడ్డపారతో లేపుతున్నాడు. అప్పటికే ఒక గది సగం అయిపోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు.

“తినండి,” అంది టైలరమ్మ.

“అక్కడ పెట్టు.”

“పెడితే తింటారా? తిన్నాకే వెళ్తాను.”

ఆయన గడ్డపార పక్కన పెట్టి గోడకి చేరగిలబడ్డాడు. చేతుల నిండా చెక్క పొట్టు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

“ఎందుకండీ తీశారు? ఒక్కసారి ఫోను చేసి అడగచ్చుగా.”

“అడగాలని కూడా తట్టలేదే. అడగాల్సిన విషయం అనుకుంటేగా.” ఆయన తలుపు వైపు చూశాడు. “మా యార్డులో పెట్టె రిటైరైతే ముందు దాని ప్లేటు తియ్యాలి. అందరికంటే పెద్ద వెల్డరు తియ్యాలి. ప్లేటుంటే ఎవడో ఒకడు రంగేసి మళ్లీ ఓడెక్కిస్తాడు. అలా ఎక్కించిన పెట్టె కిందే కదా మన క్రేను నడిపే ఆయన కాలు పోయింది. ఆ రోజు నుంచీ నా చేతికి వచ్చిన పెట్టె ఏదీ ప్లేటుతో బయటికి పోలేదు. ఇవి ముప్పై రెండూ అంతే. ఒక్కోటీ తీస్తుంటే, పోనీలే, ఇక నిన్ను సముద్రం మీదికి ఎవడూ తోలడు, ఇక్కడ మనుషులతో హాయిగా ఉండు అనుకున్నాను. పిచ్చి వెధవని.”

టైలరమ్మ ఇంకో రొట్టె ఆయన చేతిలో పెట్టింది. ఈ మనిషిని తిడదామని వచ్చింది. ఏమని తిట్టాలి!

“మీటింగుకి మీరు రావద్దు,” అంది చివరికి.

“రాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? అమ్మాయి నా పేరు చెప్తుంది. చెప్పాలి కూడా.”

“చెప్తుందంటారా?”

“చెప్పకేం చేస్తుంది? నా కూతురు అబద్ధమాడదే.” ఆ మాటంటున్నప్పుడు ఆయన మొహంలో రెండు రోజుల్లో మొదటిసారి వెలుగు కనిపించింది. “అదిగో ఆ కిటికీ చూశావా? గోడ కొయ్యద్దు, కోస్తే పై కమ్మీ కుంగుతుంది అన్నాను. ఇంకెవరన్నా అయితే, నాకు తెలుసులేవయ్యా అనేవాళ్లు. ఇది ‘చూపించు నాన్నా’ అంది. పాత పెట్టె ఒకటి కోసి చూపించాను. కుంగింది. మర్నాడు పొద్దుటికల్లా కిటికీ చుట్టూ చట్రం గీసుకొచ్చింది. ఇప్పుడు ఆ కిటికీ మీద ఏనుగు నిలబడ్డా కుంగదు. తెలీదంటే తెలీదంటుంది, తప్పంటే తప్పంటుంది. అలాంటివాళ్లు కట్టిన ఇళ్లే నిలబడతాయి.”

టైలరమ్మ డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. గంట కిందట కూతురితో తనేమందో ఈ మనిషికి చెప్పాలా? చెప్తే ఊరుకుంటాడా? చెప్పలేకపోయింది. మెట్లు దిగుతుంటే వెనక మళ్లీ గడ్డపార చప్పుడు మొదలైంది.

* * *

మీటింగు కుట్టు దుకాణంలోనే. భవనంలో పదహారు కుటుంబాలు పట్టే గది ఇంకోటి లేదు. కొందరు కుర్చీల మీద, కొందరు కత్తిరించే బల్ల మీద, మిగతావాళ్లు గోడల వెంబడి నిలబడ్డారు. ఇళ్లవాళ్ల సంఘానికి పెద్ద నర్సమ్మ. ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగిన మనిషి. గట్టిగా మాట్లాడదు. గట్టిగా మాట్లాడేవాళ్లందరూ ఆవిడ నోరు తెరిస్తే ఊరుకుంటారు.

కూతురు నిలబడి చెప్పింది. చెక్క గురించి చెప్పింది, మందు గురించి చెప్పింది. ప్లేట్లు పోయాయి కాబట్టి ఏ నేలనీ నమ్మడానికి లేదంది. ముప్పై రెండు నేలలూ తీసి కొత్తవి వేస్తామంది. నెలన్నర. ఒక్క మాట నానబెట్టలేదు, ఒక్క మాట తీపి చెయ్యలేదు. టైలరమ్మ తలుపు పక్కన నిలబడి ఆ పిల్లనే చూస్తోంది. ఎక్కడిదే నీకింత ధైర్యం!

గదిలో గోల లేచింది. బస్సు డ్రైవరు అందరికంటే ముందు అందుకున్నాడు.

“ఆదివారం అని మేం గది ఖాళీ చేసేశాం. సామాను మా బావమరిది ఇంట్లో మెట్ల మీద ఉంది. నెలన్నరంటే ఎక్కడికి పోవాలి మేం?”

“కింద దుకాణాల పెట్టెలు ముందు చేస్తాను. రెండు వారాల్లో అవి అయిపోతాయి. ఎక్కడా చోటు లేనివాళ్లు అప్పటి నుంచి వాటిలో ఉండచ్చు. అమ్మ దుకాణం కూడా ఇచ్చేస్తుంది,” అంది కూతురు.

అమ్మకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. అయినా గబగబా తలూపింది.

గోల కాస్త సద్దుమణిగింది. అంతలో బస్సు డ్రైవరే మళ్లీ అడిగాడు. “ఇంతకీ ఆ ప్లేట్లు ఎవరు పీకారు?”

అందరూ కూతురి వైపు తిరిగారు. కూతురు తల్లి వైపు చూడలేదు.

“నేనే తియ్యమన్నాను,” అంది. “పొరపాటు నాది.”

టైలరమ్మ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. దిగిన మరుక్షణమే అంతకి రెండింతల బరువు ఎక్కి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోట ఆమె విన్న మొదటి అబద్ధం అది. దాన్ని తనే కుట్టి తొడిగింది.

“అమ్మాయి చెప్పింది నిజం కాదు.”

అందరూ తలుపు వైపు తిరిగారు. మేస్త్రి. ఒంటి నిండా చెక్క పొట్టు, చేతిలో టోపీ. ఎప్పుడు దిగొచ్చాడో ఏమో.

“తియ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. వాటిని చూసే నేలలు తియ్యాలని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. నేను చదవలేదు. ముప్పై రెండూ నా చేత్తో నేనే తీశాను. ఏమన్నా అనాలంటే నన్ననండి.”

“నాన్నా!” అంది కూతురు.

  సైకిల్ కొట్టాయన లేచి తన కుర్చీ మేస్త్రి ముందు పెట్టాడు. ఆయన కూర్చోలేదు. ముసలాడు పనికిరాడన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. టైలరమ్మ భయపడినట్టు జరగలేదు. అయితే ఆమె భయపడాల్సింది వేరే ఉంది.

నర్సమ్మ కూతురి వైపు తిరిగింది.

“మేస్త్రిగారిది చేతి తప్పమ్మా,” అంది మెల్లగా. “నేల మారిస్తే అది పోతుంది. నేను ఆలోచిస్తున్నది ఇంకోటి. నాలుగు అంతస్తులు గాలికి కదలవన్నావు. నమ్మాం. నిప్పు ఒకింట్లోంచి ఇంకో ఇంట్లోకి పోదన్నావు. నమ్మాం. మాకు ఇనుము తెలీదు, గాలి లెక్కలు తెలీవు. మాకు తెలిసింది నీ మాటొక్కటే. దాని మీదే మా పిల్లల్ని పైకెక్కిస్తున్నాం. ఇప్పుడు మా ఎదుట నిలబడి, కన్నార్పకుండా ఒక అబద్ధం చెప్పావు. మరి ఇదివరకు చెప్పినవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయి?”

కూతురు చెయ్యి డ్రాయింగుల చుట్ట మీదికి వెళ్లి ఆగింది.  గాలి లెక్క అడిగితే గంటసేపు చెప్పగలదు. దీనికి ఏ కాగితం తీసి చూపిస్తుంది?

 నాలుగు రోజులుండే మాట అనుకుంది టైలరమ్మ. ఆ పిల్లకున్న ఆస్తంతా దాని మాటేనని, మొదట్లో నవ్వినవాళ్లు కూడా ఆ మాట చూసే వచ్చారని, ఇంట్లో ఉండి తనకే తెలియకపోయింది.

“ఆ మాట దానిది కాదు,” అంది ముందుకొచ్చి. గొంతు తనది కానట్టుంది. “నాది. పొద్దున్న నేనే చెప్పమన్నాను. అది వద్దంది. దాని నాన్న మీద దానికున్న ప్రేమ చూపించి, ఒత్తిడి చేసి ఒప్పించాను. అబద్ధం ఆడిందీ నేనే, ఆడించిందీ నేనే.”

మేస్త్రి గిరుక్కున తిరిగి భార్య వైపు చూశాడు. పదింటికి డబ్బా మూత ఎందుకు సరిగ్గా పడలేదో ఆయనకి ఇప్పుడు అర్థమైనట్టుంది.

గోడ వారన గుసగుసలు మొదలయ్యాయి. నర్సమ్మ చెయ్యెత్తింది.

“మీరు ముగ్గురూ కాసేపు బయట ఉండండి. మేం మాట్లాడుకోవాలి.”

* * *

ఇనుప తలుపు మూసుకుంది. లోపల గొంతులు పెరిగాయి. మాటలు మాత్రం తెలియడం లేదు. గోడల మధ్య కూతురు కూరిన దూది మందం అలాంటిది. పక్కింటి పోట్లాట ఈ ఇంటికి వినపడకూడదని పట్టుబట్టి వేయించింది. ఇవాళ ఆ మంచి పని టైలరమ్మ ప్రాణం తీస్తోంది.

ముగ్గురూ వరసగా నిలబడ్డారు. ఎవరూ ఎవరి వైపూ చూడడం లేదు.

“అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు నీకు,” అన్నాడు మేస్త్రి ఉన్నట్టుండి, సూటిగా కూతురితోనే. “చెవులు ఎర్రగా అయిపోయాయి. మెట్ల మీంచే కనిపించాయి.”

“మూల రాసినవి చదవవు గానీ, చెవులు మాత్రం చదువుతావు,” అంది కూతురు. నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. మేస్త్రి చెక్క పొట్టు అంటిన చెయ్యి ఆ పిల్ల తల మీద వేశాడు.

“నీ మాట నమ్మకపోతే నన్ను తీసెయ్యమంటాను. నువ్వు మాత్రం ఈ పని వదలకూడదు. వినపడిందా?”

“నువ్వు లేకుండా నేను ఒక్క అతుకు కూడా వెయ్యించను. నీకు వినపడిందా?”

రెండు రోజులుగా తను కోరుకున్నది ఇదే. ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నారు. టైలరమ్మకి సంతోషించడానికి తీరిక లేదు. ఆమె చెవులు తలుపుకే అంటుకుని ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ గుమ్మంలో నిలబడింది. కూతురు కళ్లు తుడుచుకుని ఒక అడుగు ముందుకి వేసింది. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

“నువ్వు కాదమ్మా. మీ నాన్నగారూ కాదు.” ఆవిడ టైలరమ్మ వైపు తిరిగింది. “మీరొక్కరే రండి.”

టైలరమ్మ తన దుకాణంలోకి తనే కొత్త మనిషిలా అడుగు పెట్టింది. వెనక తలుపు మళ్లీ మూసుకుంది. పదహారు కుటుంబాలూ ఆమె వైపే చూస్తున్నాయి.

“సగం మంది ఈ ఇళ్లు వద్దంటున్నారు. సగం మంది కావాలంటున్నారు,” అంది నర్సమ్మ. “ఎటూ తేలడం లేదు. పాతికేళ్లుగా మీరు కుట్టిన బట్టలు వేసుకుంటున్నాం. కొలత తప్పితే మేం చూసుకోకముందే మీరే విప్పి మళ్లీ కుట్టిచ్చేవాళ్లు. అందుకని మిమ్మల్నే అడుగుదామనుకున్నాం. మీ అమ్మాయి మాకు చెప్పినవాటిలో ఏది నమ్మచ్చో, ఏది నమ్మకూడదో మీరు చెప్పండి. దాన్నిబట్టే ఓటుకి చేతులెత్తుతాం.”

బస్సు డ్రైవరు గోడ దగ్గరి నుంచే అందుకున్నాడు. “ఇందాక అబద్ధం ఆడించింది ఈవిడే కదండీ. మరి ఇప్పుడు ఈవిడ చెప్పేది మాత్రం ఎలా నమ్మడం?”

 నర్సమ్మ కూడా టైలరమ్మ మొహమే చూస్తోంది.

ఎవరో కుర్చీ ముందుకి జరిపారు. టైలరమ్మ కూర్చోలేదు. నిలబడే నోరు విప్పింది.